చేపకు కాపలా కాసిన డాక్టరు ఫ్రాన్సిస్ డే

చెరువు నిండి మత్తడి దూకిన రోజున మన పల్లెల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. నీటికి ఎదురెక్కే చేపల కోసం పిల్లా పెద్దా వలలు, ఊతలు, ఆఖరికి పాత చీరెలు పట్టుకుని బయలుదేరుతారు. ఘనపురం ఆనకట్ట మీదుగా మంజీర పొర్లినా, పోచారం అలుగు పారినా ఇదే సందడి. ఆ చేప ఎందుకు ఎదురెక్కుతుంది, పైకి పోలేకపోతే వచ్చే ఏడు నదిలో ఏం మిగులుతుంది అని లెక్క కట్టడమే ఉద్యోగంగా చేసిన తొలి అధికారి మన దేశంలో ఫ్రాన్సిస్ డే. ఈనాడు ప్రతి జిల్లాలోనూ మత్స్యశాఖ అధికారి ఉన్నారు. ఆ కుర్చీకి మూలపురుషుడని ఆయనను చెప్పుకోవచ్చు. చేపల శాస్త్రం చదివే వారందరికీ ఆయన పేరు తెలుసు. చేపలు పట్టే వారికి మాత్రం అంతగా తెలియదు.

డే 1829 మార్చి 2న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, మేర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో జన్మించారు. లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యం చదివి 1852లో మద్రాసు సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. వచ్చిన కొత్తలోనే బర్మా యుద్ధానికి వెళ్లారు. తరువాత కొచ్చిన్‌లో ఉద్యోగం పడింది. రోగులను చూడగా మిగిలిన పొద్దంతా ఆయన చేపల బజారులోనే గడిపేవారు. తెచ్చిన ప్రతి చేపనూ కొలిచి, బొమ్మ గీసి, పేరు రాసుకునేవారు. ఈ పిచ్చి నుంచే 1865లో మలబారు చేపల మీద పుస్తకం వెలువడింది.

ఆయన జీవితం మలుపు తిరిగింది మాత్రం తెలుగువారు దేవుడిలా కొలిచే కాటన్ దొర పుణ్యాన. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట 1855లో లేచింది. వరి పండింది, కరువు తీరింది. అయితే నదికి అడ్డంగా కట్టిన రాతి గోడ చేపను ఏం చేస్తుందన్న ప్రశ్న మిగిలిపోయింది. 1867లో ఈ సంగతిని లండనులోని ఇండియా మంత్రి దృష్టికి తెచ్చినది మరెవరో కాదు, సర్ ఆర్థర్ కాటనే. ఆనకట్టల వల్ల తీరప్రాంతపు చేపలకు దెబ్బ తగులుతున్నదేమో చూడమన్నారు. తాను కట్టిన దానిలోనే లోపం ఉండవచ్చునని రాయడానికి మనసు పెద్దది కావాలి. ఆ విచారణ పని డేకు అప్పగించారు.

గోదావరి పులస పేరు మన వైపు కూడా విన్నదే. అది సముద్రపు చేప. వరదకాలంలో గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఆనకట్ట వచ్చాక దాని దారి అక్కడే ఆగిపోయింది. గోడ కింద గుమిగూడిన చేపలను పట్టేవారికి అది పండుగ, చేపకు మాత్రం వంశనాశనం. డే ఆనకట్టలన్నీ తిరిగి చూశారు. చేప ఎక్కిపోయేందుకు గోడలో దారి విడవాలనీ, ఆనకట్ట కింద దాన్ని ఊచకోత కోయకుండా ఆపాలనీ ఆయన వాదన. మన మంజీర కూడా చివరకు గోదావరిలో కలిసేదే. ఘనపురం వద్ద దానికి అడ్డుకట్ట పడింది తరువాత చాలా ఏళ్లకు, 1905లో.

1871లో ఆయన దేశం మొత్తానికి మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయినారు. పేరు పెద్దదే గాని చేతికింద నేటిలాగా శాఖ లేదు, సిబ్బంది లేరు. బర్మా, ఒరిస్సా, అండమాను దీవులు, సింధు, పంజాబు తిరిగారు. తాను పోలేని చోటికి ప్రశ్నల జాబితా పంపించారు. కలెక్టర్లతో పాటు తహశీల్దార్లను కూడా అడిగారు. మీ వైపు చేపలు పెరిగాయా, తగ్గాయా? పట్టేవారెవరు, తినేవారెవరు? వల కన్ను ఎంత సన్నం? ఈ చివరి ప్రశ్నకు కొందరు అంగుళాలలో కాక ధాన్యపు గింజతో పోల్చి జవాబిచ్చారు. గింజంత కన్నున్న వలలో నుంచి ఏ చేపపిల్ల తప్పించుకుంటుంది? జవాబులన్నీ కూర్చి 1873లో మంచినీటి చేపల మీద ఒకటి, సముద్రపు చేపల మీద ఒకటి నివేదికలు అచ్చు వేయించారు.

ఆ నివేదికల సారాంశం మన రైతులకు తేలికగానే అర్థమవుతుంది. విత్తనపు వడ్లను దంచుకు తిన్న ఇంటికి వచ్చే ఏడు పంట ఉండదు. గుడ్లతో ఉన్న తల్లి చేపను వానాకాలంలోనే పట్టేస్తున్నారు. కాలువ నీటితో పొలాల్లోకి వచ్చిన పిల్లలను నీరు తీసే వేళ బుట్టలకెత్తుతున్నారు. మడుగుల్లో మత్తుకాయలు, ఆకులు నలిపి పోసి చిన్నా పెద్దా తేడా లేకుండా చంపుతున్నారు. కనుక వల కన్నుకు హద్దు పెట్టాలనీ, విషం వాడకాన్ని నిషేధించాలనీ, కాలువలకు అడ్డంగా నిలబెట్టే బోనులను తీయించాలనీ డే కోరారు.

ప్రభుత్వం ఆ కాగితాలను రాష్ట్రాలకు పంపింది. చాలామంది అధికారులు ఒప్పుకోలేదు. బీదవాడు ఓ పూట కూరకు పట్టుకునే చేప మీద పోలీసును పెడితే లంచాలు పెరుగుతాయే గాని చేపలు పెరగవన్నది వారి భయం. చేపలు తగ్గాయనడానికి తూకం లెక్కలేవీ, ఉన్నవన్నీ అభిప్రాయాలేగా అని కూడా అన్నారు. ఈ మాటలను ఒట్టి సాకులని తోసెయ్యలేం. నియమం వచ్చిన చోటల్లా ముందుగా పట్టుబడేది బుట్టతో నిలబడిన కూలీయే, చెరువును గుత్తకు పట్టినవాడు కాదు. డే మాత్రం కూలీ రేపటి కూర కోసమే అడుగుతున్నానని పట్టు వదలలేదు. ఇద్దరి మాటలోనూ నిజమున్నా, నడిచింది అధికారుల మాటే. 1877లో డే పదవీ విరమణ చేసేనాటికి ఆయన కోరిన చట్టం రాలేదు.

అయినా కలం ఆగలేదు. 1875 నుంచి 1878 వరకు భాగాలుగా వచ్చిన భారతదేశపు చేపల గ్రంథం ఆయన పేరును నిలబెట్టింది. 1889లో ప్రభుత్వ గ్రంథమాల కోసం రాసిన రెండు సంపుటాలలో 1400కు పైగా చేప జాతులను వర్ణించారు. దేశభాషల్లో వాటి పేర్లను, మన తెలుగు పేర్లతో సహా, సేకరించి పొందుపరిచారు. చేపలు పట్టేవారి నోటి మాటకు శాస్త్రగ్రంథంలో అలా చోటు దొరికింది. లండను మ్యూజియంలో చేపల విభాగాన్ని చూసే గుంథర్‌తో ఆయనకు పడేది కాదు. ఆ తగవు ఎంత ముదిరిందంటే, మన నదులలో పట్టి సీసాల్లో భద్రపరిచిన చేపల్లో పెద్ద భాగాన్ని 1883లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియానికి అమ్మేశారు. పండితుల పంతాలు ఇంత దూరం పోతాయి! 1889 జూలై 10న చెల్టెన్‌హామ్‌లో, అరవయ్యో ఏట, డే కన్నుమూశారు.

చట్టం మరో ఎనిమిదేళ్లకు వచ్చింది. 1897 నాటి భారత మత్స్య చట్టం తూటాలతో, విషంతో చేపలు చంపడాన్ని నేరం చేసింది. వలల రకం, కన్ను కొలత, నిలువు బోనుల మీద నియమాలు చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. నివేదికలు అచ్చయి అప్పటికి 24 ఏళ్లు. బ్రిటిష్ పాలిత ప్రాంతాలకే గనుక నిజాం ఏలుబడిలోని మెతుకు సీమకు అది వర్తించలేదు. 1907లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ నాయకత్వాన మత్స్యశాఖను నెలకొల్పాక ఈ పని ఒక ఉద్యోగంగా స్థిరపడింది. ఇప్పుడు మన రాష్ట్రంలోనే పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. ఇంటర్ చదివిన మెదక్ పిల్లలు అక్కడ చేరి డే చేసిన పనినే డిగ్రీగా చదువుకోవచ్చు.

డే చెప్పినదంతా మన చెరువులకు యథాతథంగా సరిపోదు. బొచ్చె, రవు పారే నదిలో గుడ్లు పెడతాయే గాని నిలిచిన చెరువు నీటిలో పెట్టవు. 1957లో ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో వాటి చేత గుడ్లు పెట్టించాక పిల్లల ఉత్పత్తి మనిషి చేతికి వచ్చింది. 2016లో మొదలైన ఉచిత పంపిణీలో మన సొసైటీల చెరువుల్లో వదిలినవి ఇటువంటి పిల్లలే. వీటి విషయంలో సన్న వల వేయడమంటే ఎదగకముందే పంట కోసుకున్నట్టు.

కొరమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఇది చెరువులోనే గుడ్లు పెట్టి, చెరువులోనే పిల్లలను సాకుతుంది. చేపల బుద్ధి గురించి డే రాసిన వ్యాసం ఒకటుంది. తల్లి, తండ్రి రెండూ పిల్లలకు కాపలా కాసే జాతులను ఆయన ప్రత్యేకంగా గమనించారు. వానాకాలంలో గట్టు మీద నిలబడి చూస్తే నీటి మీద ఎర్రగా, గుంపుగా కదిలేవి ఆ పిల్లలే. వాటి కిందనే పెద్ద చేపలు రెండూ ఉంటాయి. గుంపును చూసి వల వేసినవాడికి ఒక్క విసురులోనే అన్నీ దొరుకుతాయి.