కాలాన్ని పలికించిన అల్ జజరీ

సికింద్రాబాద్ క్లాక్ టవర్ 1897లో ప్రారంభమైంది. అలాంటి గడియారాలు రాకముందు మన దేశంలో అడుగున చిల్లు ఉన్న గిన్నెను నీటిపై వదిలి, అది మునగగానే గంట కొట్టేవారు. గిన్నె మునగడానికి పట్టే సమయమే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. గడియారం అన్న మాటలో ఆ గడియే దాగి ఉంది. అలాంటి చిల్లుగిన్నెతోనే, మనిషి చేయి పడకుండా తనంతట తానే సమయాన్ని చాటే యంత్రాన్ని నిర్మించిన ముస్లిం శిల్పి ఇస్మాయీల్ అల్ జజరీ.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న అల్ జజీరా ప్రాంతాన్ని బట్టి ఆయనకు ఆ పేరు వచ్చింది. నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌ను పాలించిన అర్తుఖీ వంశం కొలువులో ఆయన పాతికేళ్లు పనిచేశారు. మొదట తండ్రిని, పిదప పెద్ద కుమారుడిని, ఆ తర్వాత చిన్న కుమారుడు నాసిరుద్దీన్ మహ్మూద్‌ను సేవించారు.

ఆయన చేసిన ఏనుగు గడియారంలో ఏనుగు కడుపే నీటి తొట్టి. అందులోని గిన్నె అరగంటకోసారి మునుగుతుంది. అప్పుడు పైనుంచి ఒక గుండు పాము నోట్లో పడుతుంది. ఆ బరువుకు పాము కిందికి వంగి, గిన్నెను మళ్లీ పైకి లాగుతుంది. గుండు జారి కంచు తాళంపై పడి మోగుతుంది. ఆయన నిర్మించిన మరో గడియారం కోట ఆకారంలో, దాదాపు 11 అడుగుల ఎత్తు ఉండేది. అందులో గంటగంటకూ డేగ బొమ్మలు గుండ్లు జారవిడిచేవి. ఆరు, తొమ్మిది, పన్నెండో గంటల్లో డోళ్లు, బూరలు మోగేవి. రుతువును బట్టి పగటి నిడివి మారినా, దాన్ని 12 సమభాగాలు చేసేలా నీటి ధారను సరిదిద్దే ఏర్పాటు కూడా అందులో ఉంది.

పూర్వీకులు రాశారు కదా అని ఆయన దేన్నీ గుడ్డిగా నమ్మలేదు. నీటి ధారను అదుపుచేసే పాత పరికరాన్ని స్వయంగా పరీక్షించి, లోపం తేలాక కొత్తది తయారు చేశారు. అయితే ఇంత నైపుణ్యమూ ఆయనతోపాటే మట్టిలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ శ్రమ వృథా కారాదని నాసిరుద్దీన్ ఆయన చేత గ్రంథం రాయించారు. హి. 602 (క్రీ.శ. 1206)లో అది పూర్తయింది. 50 యంత్రాల తయారీని ఆయన బొమ్మలతో సహా, ఏ రహస్యమూ దాచకుండా అందులో వివరించారు. ఫలితంగా 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ కోట గడియారాన్ని తిరిగి నిర్మించగలిగారు. అది పనిచేసింది!

విద్య అల్లాహ్ మనకిచ్చిన అమానతు. పనిముట్టు పట్టే ప్రతి చేయీ తాను నేర్చినదాన్ని మరో చేతికి అందించాలి. అల్ జజరీని అల్లాహ్ కరుణించుగాక! ఆమీన్.