గుమస్తాల చదువు వద్దన్న కట్టమంచి

బొమ్మిడి: బీఏ అయింది, బీఎస్సీ అయింది, ఇంజినీరింగూ అయింది.. పని మాత్రం దొరకలేదు. బొమ్మిడి, మొరప్పూరు, పాప్పిరెడ్డిపట్టి పక్క ఏ తెలుగువాళ్ళ ఇంట్లో కూర్చున్నా ఈ మాట రాకుండా పోదు. పట్టా చేతికొచ్చిన పిల్లోడు హోసూరుకో బెంగళూరుకో పోయి, చదివినదానికి సంబంధం లేని పనిలో చేరిపోతున్నాడు. దేశానికి కావాల్సిన పని ఒకటి, కాలేజీలో చెప్పే చదువు ఇంకొకటి అన్న ఈ గొడవ ఇవాళ్టిది కాదు. వందేళ్ళ కిందటే దీన్ని పట్టించుకుని, ఒక విశ్వవిద్యాలయాన్నే చేతికి తీసుకుని మార్చి చూపాలనుకున్న తెలుగాయన ఒకరున్నారు. ఆయనే సర్ కట్టమంచి రామలింగారెడ్డి. సీఆర్ రెడ్డి అంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

ఆయన మనకు దూరపువాడేం కాదు. 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టారు. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, మన బొమ్మిడి సేలం జిల్లాలో ఉండేది. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే. అటువాళ్ళయినా ఇటువాళ్ళయినా పై చదువులంటే మద్రాసు దారే పట్టాలి. రామలింగారెడ్డీ అలాగే వెళ్ళి క్రిస్టియన్ కాలేజీలో చేరారు.

చెరువు కథతో మొదలు

ఇరవై ఏళ్ళు నిండకముందే రాసిన కావ్యం ఆయనకు పేరు తెచ్చింది. అదే ముసలమ్మ మరణము. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ఒక కోడలి కథ అది. దేవుళ్ళ కథలు, రాజుల కథలు రాస్తున్న రోజుల్లో ఒక చెరువునూ దాని కింద బతికే రైతులనూ కావ్యానికి ఎక్కించాడు ఈ కుర్రాడు. చెరువు తెగితే ఊరు ఏమవుతుందో మన పక్క ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత ఆయన తెలుగులో అర్థశాస్త్రం మీద పుస్తకం రాశారంటే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. పంట, నీళ్ళు, జీవనం అనేవి ఆయన మనసులో మొదటినుంచీ ఉన్న విషయాలే.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. వక్తృత్వంలో ఎంత దిట్ట అంటే, అక్కడి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. తిరిగొచ్చాక బరోడా కాలేజీలో, ఆ తర్వాత మైసూరు మహారాజా కాలేజీలో పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. చదువు, రాజకీయం, సాహిత్యం.. ఈ మూడింటి మధ్యే జీవితమంతా గడిచింది.

జపాన్ చూసొచ్చిన కళ్ళు

మైసూరులోనే అసలు మలుపు వచ్చింది. విదేశాల్లో చదువులు ఎలా నడుస్తున్నాయో చూసి రమ్మని సంస్థానం ఆయన్ను పంపింది. అమెరికా, కెనడా, జపాన్, ఫిలిప్పీన్స్ తిరిగారు. ఇందులో జపాన్ సంగతి గమనించాలి. ఆసియాలోనే ఉన్న దేశం, ఒకటి రెండు తరాల్లోనే సాంకేతిక విద్యాలయాలు పెట్టుకుని, ఫ్యాక్టరీలు నిలబెట్టుకుని, యూరప్ దేశాలతో పోటీకి దిగింది. అప్పుడు మైసూరు దివానుగా ఉన్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పరిశ్రమలు రావాలని పట్టుబట్టే దివాను, విశ్వవిద్యాలయం ఆ పరిశ్రమలకు మనుషుల్ని తయారుచేయాలనుకునే ప్రొఫెసరు.. ఇద్దరూ ఒకేచోట ఉండటం మైసూరు అదృష్టం. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టింది. సంస్థానాల్లో ఇదే మొదటిది.

తర్వాత రామలింగారెడ్డి మైసూరు విద్యాశాఖకు పెద్ద అధికారి అయ్యారు. అంటరానివారని బడి గడప తొక్కనివ్వని పిల్లలకు ప్రభుత్వ బడుల తలుపులు తెరిపించారు. నిరసనలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. యూనివర్సిటీ గురించి చెప్పేటప్పుడు చాలామంది ఈ ముక్క వదిలేస్తారు. కింద బడిలోకే రానివ్వని పిల్లాడు పైన కాలేజీకి ఎట్లా వస్తాడు? చదువుకుని దేశాన్ని పైకి తెచ్చేవాళ్ళ సంఖ్య పెరగాలంటే మొదట ఈ తలుపు తెరవాలి.

మధ్యలో రాజకీయం

ఉద్యోగం వదిలి మద్రాసు శాసన మండలిలోకి వచ్చారు. జస్టిస్ పార్టీలో చేరి, దానితోనే విభేదించారు. 1923 నవంబరులో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే. 65-44 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఓడినా, మనదేశ చట్టసభల్లో అలాంటి తీర్మానం అదే మొదటిది. ఇంతకంటే ఆయన రాజకీయాల గురించి ఇక్కడ చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. రాజకీయంలో ఆయన ఎప్పుడూ ఒక గూటి పక్షి కాలేదు.

బెజవాడ టు వాల్తేరు

అప్పటిదాకా తెలుగు జిల్లాల కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందే. 1857లో లండన్ పద్ధతిలో పుట్టిన ఆ యూనివర్సిటీ చాలాకాలం పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే ఆఫీసుగానే నడిచింది. అక్కడ పాసైనవాళ్ళు ఎక్కువగా కోర్టుకో, కలెక్టరు కచేరీకో, బడికో వెళ్ళేవాళ్ళు. సర్కారుకు కావాల్సింది అదే. దేశానికి కావాల్సిందే వేరు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి వైస్ చాన్సలర్ రామలింగారెడ్డి. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు మారింది. ఎక్కడ పెట్టాలన్న దాని మీద బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం పేర్లతో పెద్ద తగువే నడిచింది. ఏ ఊరివాళ్ళు ఆ ఊరికే కావాలన్నారు. చివరికి చేరింది ఓడరేవు కడుతున్న ఊరికి. విశాఖ రేవు 1933లో మొదలైంది, 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. పక్కనే యూనివర్సిటీ.

అయితే రసాయనశాస్త్రం, సాంకేతికం నేర్పాలంటే ప్రయోగశాలలు కావాలి, యంత్రాలు కావాలి. నల్లబల్ల, సుద్దముక్కతో అయ్యే పని కాదు. సర్కారు ఇచ్చే డబ్బు చాలదు. ఇక్కడ ఆదుకున్నది జయపురం సంస్థానం. ఇవాళ ఒడిశాలో ఉన్న ఆ సంస్థానానికి రాజైన విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున యూనివర్సిటీకి ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలా! సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఇంజినీరింగ్ కాలేజీ పెట్టడమంటే ఫీజులు వసూలు చేయడమే అయిపోయిన కాలంలో ఉన్నాం కాబట్టి, అప్పుడు పెట్టినవాళ్ళ చేతినుంచే డబ్బు పోయిందన్న సంగతి ఒకసారి తలుచుకోవచ్చు.

పని ఇలా ఊపందుకుంటుండగానే ఆయన కుర్చీ వదిలేశారు. ఉప్పు సత్యాగ్రహం నాడు సర్కారు సాగించిన అణచివేతకు అది నిరసన. తను కన్న బిడ్డలాంటి సంస్థ, ఇంకా గోడలు కూడా పూర్తిగా లేవలేదు. అయినా వదిలారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు. ఈయన పుట్టింది తిరుత్తణిలో. 1960 వరకూ అది చిత్తూరు జిల్లాలోనే ఉండేది, తర్వాతే తమిళనాడు వైపు వచ్చింది. ఇలా వాల్తేరు యూనివర్సిటీని నిలబెట్టిన ఇద్దరిదీ సరిహద్దు నేలే. రాధాకృష్ణన్ కాలంలో మంచి ప్రొఫెసర్లు చేరారు. కుళిత్తలైలో పుట్టిన టి.ఆర్.శేషాద్రి రసాయనశాస్త్రానికి, సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రానికి వచ్చారు. తెలుగువాళ్ళ యూనివర్సిటీకి తమిళనాట నుంచి ప్రొఫెసరు వస్తే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

1936లో రామలింగారెడ్డి మళ్ళీ వచ్చారు, 1949 దాకా ఉన్నారు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. వాల్తేరు భవనాలు సైన్యం అవసరాలకు పోయాయి, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. యుద్ధం అయ్యాక తిరిగి సర్దుకోవడానికి టైం పట్టింది. ఈ కాలంలోనే, 1942లో, బ్రిటిషు సర్కారు ఇచ్చిన సర్ బిరుదు తీసుకున్నారు. క్విట్ ఇండియా ఏడాది అది. పన్నెండేళ్ళ కిందట సర్కారు మీద కోపంతో పదవి విసిరేసిన మనిషి ఇలా చేశారేమిటని నొచ్చుకున్నవాళ్ళకు జవాబు చెప్పడం కష్టమే.

మిగిలిపోయిన పని

ఇంకో లెక్క కూడా తేలలేదు. తెలుగువాళ్ళ కోసం పుట్టిన యూనివర్సిటీలో పాఠాలు మాత్రం ఇంగ్లీషులోనే నడిచాయి. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా అనువాద శాఖ ఒకటి పెట్టుకుని, పై చదువులన్నీ ఉర్దూలో చెప్పింది. అర్థశాస్త్రాన్ని తెలుగులో రాయగలిగిన రామలింగారెడ్డి ఏలుబడిలో ఆ పాటి ప్రయత్నం వాల్తేరులో కాలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు అని మూడు మెట్లు ఎక్కే మన పిల్లలకు ఈ లోటు బరువెంతో బాగా తెలుసు. మెషీను ఎందుకు ఆగిందో ఇంగ్లీషులో చెప్పలేక ఇంటర్వ్యూలో నోరు మూసుకున్న పిల్లోడికి చదువు రాలేదని ఎట్లా అంటాం?

సొంత జిల్లా విషయంలోనూ అంతే. యూనివర్సిటీ వాల్తేరుకు పోవడంతో దూరం ఎక్కువైందని రాయలసీమ జిల్లాలు, వాటితోపాటు చిత్తూరూ మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్ళిపోయాయి. వైస్ చాన్సలర్ది కట్టమంచి, కట్టమంచి పిల్లల పట్టా మద్రాసుది!

1949లో వాల్తేరు వదిలి మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో చాన్సలర్‌గా వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ తర్వాత మూడేళ్ళకు, 1954లో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. చిత్తూరు పిల్లలకు మద్రాసు ప్రయాణం తప్పింది. 1953లో గీసిన గీతకు ఇవతల ఉండిపోయిన సేలం జిల్లా తెలుగు పిల్లలు మాత్రం మద్రాసుకే పోతూ వచ్చారు.