మహమూద్ గవాన్

బహమనీ సుల్తానులు బీదరు నుండి దక్కనును పాలించిన కాలంలో వారి మంత్రులలో అందరికంటే పేరుపొందినవాడు మహమూద్ గవాన్. ఆయన ఈ దేశంలో పుట్టినవాడు కాడు. సముద్రం దాటి వర్తకానికి వచ్చిన పరదేశి.

గవాన్ 1411 ప్రాంతంలో పారశీక దేశంలో, కాస్పియన్ సముద్రపు ఒడ్డున ఉన్న గిలాన్‌లో జన్మించాడు. ఆయన పూర్వులు అక్కడి పాలకుల కొలువులో పెద్ద ఉద్యోగాలు చేశారు. రాజకీయ కలహాల వల్ల గవాన్ స్వదేశాన్ని విడిచి వర్తకం చేపట్టాడు. 1453లో కొంకణ తీరంలోని దాభోల్ రేవులో దిగి బీదరు చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది.

ఒక వర్తకుడికి రాజసభలో అంత గౌరవం ఎలా దక్కింది? ఆనాడు రాజ్యబలమంటే అశ్వబలమే. దక్కనులో మేలుజాతి గుర్రాలు అంతగా పెరగవు. అరేబియా, పారశీక దేశాల నుండి ఓడలలో చౌల్, దాభోల్, గోవా రేవులకు రావలసిందే. రేవు ఎవరి చేతిలో ఉంటే సుంకమూ వారిదే, గుర్రాలూ వారివే. పడమటి రేవుల కోసం బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు పోరాడుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. దూరదేశాల సంగతులు తెలిసిన వర్తకుడు అటువంటి రాజ్యానికి ఎంతో అవసరం.

సుల్తాను రెండవ అలాఉద్దీన్ అహ్మద్ గవాన్‌ను కొలువులో చేర్చుకొని, తెలంగాణలో తలెత్తిన తిరుగుబాటును అణచడానికి పంపాడు. తరువాతి సుల్తాను హుమాయూన్ ఆయనకు మలిక్-ఉత్-తుజ్జార్ అనే బిరుదు ఇచ్చాడు. వర్తకులకు రాజు అని దాని అర్థం. 1463లో మూడవ మహమ్మద్ షా బాలుడుగానే సింహాసనమెక్కాడు. కొద్దికాలంలోనే గవాన్ ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో విజయనగరం వారి నుండి గోవా రేవును గెలుచుకున్నాడు. మంత్రి అయినా వర్తకం మానలేదు. ఆయన పంపిన వర్తకులు దక్కను వస్త్రాలను తురుష్క దేశంలోని బుర్సా నగరం వరకూ తీసుకుపోయారు.

1470 ప్రాంతంలో అఫనాసి నికితిన్ అనే రష్యా వర్తకుడు ఓడలో ఒక గుర్రాన్ని వెంట తెచ్చుకొని దక్కనుకు వచ్చాడు. జున్నరులో అక్కడి అధికారి దానిని లాక్కున్నాడు. ఎంతో కష్టం మీద తిరిగి సంపాదించుకొని బీదరు వచ్చి అమ్ముకున్నాడు. ఈ వర్తకుడు తాను చూసినవన్నీ వ్రాసి ఉంచాడు. ప్రభువులు వెండి పల్లకీలలో ఊరేగుతుంటే పల్లెలలోని ప్రజలు కడు పేదరికంలో ఉన్నారని వ్రాశాడు. రేవులకు వచ్చిన గుర్రాల వెల ఎవరి పంటలోనుండి వచ్చేదో దీనిని బట్టి ఊహించవచ్చు. గవాన్ వైభవాన్ని కూడా నికితిన్ వర్ణించాడు. రోజూ అయిదు వందల మంది ఆయనతో కలిసి భోజనం చేసేవారట. ఆయన చాప మీద పడుకొని మట్టిపాత్రలలో తినేవాడని తరువాతి కాలపు చరిత్రకారుడు ఫిరిష్తా వ్రాశాడు. రెండు మాటలూ నిజమే కావచ్చు. కొలువు మర్యాద వేరు, సొంత బ్రతుకు వేరు.

రాజ్యంలోని నాలుగు రాష్ట్రాలను తరఫులు అనేవారు. ఒక్కొక్క తరఫ్‌దారు తన తరఫులో చిన్న రాజు వంటివాడు. గవాన్ నాలుగు తరఫులను ఎనిమిది చేశాడు. తెలంగాణ తరఫు ఓరుగల్లు, రాజమహేంద్రవరం అనే రెండు భాగాలయింది. తరఫ్‌దారుకు ఒక్క కోట మాత్రమే విడిచిపెట్టి, మిగిలిన కోటలకు సుల్తానే అధికారులను నియమించాడు. ప్రతి తరఫులోనూ కొన్ని గ్రామాల ఆదాయం నేరుగా ఖజానాకు చేరేది. చెప్పినంతమంది సైనికులను పోషించని సర్దారులు ఆ మేరకు డబ్బు తిరిగి కట్టవలసి వచ్చేది. పొలాలను కొలిపించి, ఊళ్ళ పొలిమేరలను నిర్ణయించి, ఆ లెక్క ప్రకారం పన్ను వేయించాడు.

గవాన్ తన ధనంలో చాలా భాగం బీదరులో కట్టించిన మదరసాకు ఖర్చు చేశాడు. ఇది 1472లో పూర్తయింది. మూడంతస్తుల కట్టడం. గోడల మీద నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల పింగాణీ పెంకులు. లోపల విద్యార్థులకూ పండితులకూ గదులు, మూడు వేల గ్రంథాల భాండాగారం ఉండేవి. 1696లో జరిగిన పేలుడులో ముందుభాగం, ఒక మీనారు కూలిపోయాయి. మిగిలినది బీదరు పాత పట్టణంలో చూడవచ్చు.

బీదరు దర్బారులో దక్కనీలనీ, పరదేశీలనీ రెండు పక్షాలు ఉండేవి. గవాన్ ఇరువురికీ సమంగా పదవులు ఇచ్చాడు. కాని అధికారం తగ్గిన సర్దారులకు ఆయన మీద పగ పెరిగింది. తెలంగాణ అంతా తనదే కావాలనుకున్న మలిక్ హసన్‌కు రాజమహేంద్రవరం మాత్రమే దక్కింది. కుట్రకు అతడే నాయకుడని చరిత్రకారులు చెబుతారు. గవాన్ ముద్ర భద్రపరిచే సేవకుణ్ణి మచ్చిక చేసుకొని, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. రాజ్యం మీదికి దండెత్తి రమ్మని ఒడిశా గజపతికి గవాన్ వ్రాసినట్లు దాని మీద ఉత్తరం సృష్టించారు.

అప్పుడు సుల్తాను మన ఆంధ్రదేశంలోని కొండపల్లి దగ్గర విడిది చేసి ఉన్నాడు. తాగిన మత్తులో గవాన్‌ను పిలిపించి ఉత్తరం చూపాడు. ముద్ర తనదేనని, వ్రాత మాత్రం తనది కాదని గవాన్ విన్నవించుకున్నాడు. సుల్తాను విచారణ చేయలేదు. 1481 ఏప్రిల్ 5న గవాన్ తల తీయించాడు. ఆ తరువాత అపారమైన నిధులు దొరుకుతాయని ఆశపడి ఖజానా వెతికించాడు. అంతటి మంత్రి ఇంట్లో దొరికినది చాలా స్వల్పం. తన తిండికి వర్తకపు లాభం నుండి కొంచెం ఉంచుకొని, ఉద్యోగం మీద వచ్చినది సైన్యానికీ పేదలకూ ఖర్చు పెట్టేవాడని కోశాధికారి చెప్పాడట.

నిజం తెలిసి సుల్తాను కుమిలిపోయాడు. మరుసటి సంవత్సరమే, 1482లో, మరణించాడు. తరఫ్‌దారులు ఒక్కొక్కరే స్వతంత్రులయ్యారు. బీజాపూరు, అహ్మద్‌నగరు, బీరారు, గోల్కొండ, బీదరు అని బహమనీ రాజ్యం అయిదు ముక్కలయింది. గవాన్ గెలిచిన గోవా బీజాపూరు వంతుకు వచ్చింది. 1510లో పోర్చుగీసువారు దానిని పట్టుకున్నారు. అటు తరువాత దక్కను సుల్తానులైనా, విజయనగర రాయలైనా అరబ్బు గుర్రాల కోసం ఆ పరదేశీ వర్తకుల దయ మీద ఆధారపడవలసి వచ్చింది.