మాడపాటి హనుమంతరావు పంతులు

నూరు సంవత్సరముల క్రిందట హుస్నాబాదు ప్రాంతపు పల్లెలలో తహసీలుదారు విడిది చేయునను కబురు వచ్చినచో ఊరివారికి గుండెలో రాయి పడెడిది. కుమ్మరి కుండలు తేవలెను. చాకలి గుడ్డలుదికి, అంట్లు తోమవలెను. మంగలి ఒళ్లు పట్టవలెను. కోమటి పప్పు, బియ్యము, నెయ్యి కొలిచి యీయవలెను. గొల్ల తన మందలోని మేకను వదలుకొనవలెను. అన్నిటికంటె బరువైన పని మాల మాదిగల వంతు. అధికారి సామానులను నెత్తిన బెట్టుకొని మరుసటి మజిలీ వరకు వారు నడువవలెను. పొలములో నాట్లు ఆగినను, ఇంట బిడ్డకు జ్వరము వచ్చినను పోక తప్పదు. కూలి మాట యెత్తినచో దెబ్బలే. దొరల గడీలలోను ఇదియే వరుస. ఎవడే పని చేయవలెనో అతని పుట్టుకయే నిర్ణయించెడిది. దీనికే వెట్టిచాకిరి యని పేరు.

ఈ అన్యాయమును ఒక్కొక్కరి తగవుగా గాక, పనివారందరి తగవుగా పట్టుకొని వాదించిన వకీలు మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో జన్మించెను. చిన్ననాడే తండ్రి గతింపగా సూర్యాపేటలో మేనమామల ప్రాపున పెరిగెను. హనుమకొండలో విద్యాశాఖ గుమాస్తాగా కొంతకాలము పనిచేసి, పిమ్మట హైదరాబాదు చేరి, శాసన నిర్మాణ శాఖలో అనువాదకుడయ్యెను. చట్టములు పుట్టెడి చోటనే కూర్చుండి వాటి భాషను నేర్చెనన్నమాట. వకీలు పరీక్షయందుత్తీర్ణుడై, 1917లో ఉద్యోగమును విడిచి, న్యాయవాద వృత్తి చేపట్టెను.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణమున సంఘసంస్కార సభ జరిగెను. కర్వే పండితుడు అధ్యక్షుడు. ఇతర భాషల ప్రసంగములను నెమ్మదిగా వినిన సభవారు, ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగున మాటలాడగానే అల్లరిచేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జన సంఘము పుట్టినది. పంతులుగారు దాని కార్యభారమును వహించిరి.

భాషకొరకు పుట్టిన సంఘమును వెట్టివైపు త్రిప్పుట ఆయన చేసిన గొప్ప పని. అందులో ఆయనకొక విచిత్రమైన సంగతి తోడుపడెను. వెట్టి కూడదనియు, కూలి యిచ్చియే పని చేయించుకొనవలెననియు నిజాము ప్రభుత్వమే అంతకుముందు ఫర్మానాలును గస్తీలును జారీచేసియుండెను! అవి ఉర్దూలో నుండెను. కచేరీల దస్తరములలో మూలుగుచుండెను. తెలిసిన అధికారి చెప్పడు, తెలియని రైతు అడుగడు. గుమాస్తాగిరి చేసినవానికి కాగితము విలువ తెలియును గదా! పంతులుగారును సహచరులును ఆ ఉత్తరువులను వెదకి, ప్రోగుచేసి, తెనిగించి, చిన్న పుస్తకములుగా అచ్చువేయించిరి. ఊరిలో చదువు వచ్చినవాడొకడు చావడియొద్ద చదివి వినిపించిన చాలును.

ఒక్కడు ఫిర్యాదు చేసినచో పటేలు వానిని ఊరిలో బ్రతుకనీయడు. సాక్ష్యము చెప్పువాడును దొరకడు. సంఘము పేర విన్నపము వెళ్లినచో ఎవరిని పట్టి కొట్టవలెను? ఈ ఉపాయము వర్తకులకును పనికివచ్చెను. వచ్చిన అధికారికెల్ల సరకులు ఊరకనో, నామమాత్రపు ధరకో ఇచ్చి నలిగిన కోమట్ల పక్షమున సంఘము వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు ఒక పుస్తకమును ప్రకటించినది. స్త్రీవిద్య విషయమునను ఆయన ఊరకుండలేదు. నారాయణగూడ ఆంధ్ర బాలికా పాఠశాల 1928లో ఆయన పూనికవలననే వెలసినది.

సంఘము క్రమముగా ఆంధ్ర మహాసభయై పెరిగెను. సభ జరుపవలెనన్నను ముందుగా సర్కారు అనుమతి పొందవలసిన రోజులవి. 1935లో నాటి కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు పంతులుగారే అధ్యక్షులు.

అయినను విన్నపములతో వెట్టి పోలేదు. కొన్ని యూళ్లలో జంకినది, కొన్నింట మరల తలయెత్తినది. జాగీరు గ్రామములలో ప్రభుత్వపు గస్తీకే దిక్కులేదు. యువకులకు ఆయన నిదానము రుచింపలేదు. వారి ఆగ్రహమును అకారణమనరాదు. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగా చీలెను. పటేలు పట్వారీల దస్తరములను తగులబెట్టిన అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న హుస్నాబాదు చెంత మహమ్మదాపురమున సహచరులతో నేలకొరిగెను. ఒకరు కాగితములను వెదకి వెలికి దీసిరి, ఒకరు కాల్చిరి; ఇరువురును పోరాడినది ఆ పల్లెవారి కొరకే.

1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన ఇరువది మూడవ అధికరణమున వెట్టిని నిషేధించినది. మరుసటి సంవత్సరము పంతులుగారు హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1955లో పద్మభూషణ బిరుదమును, 1958లో శాసన మండలి అధ్యక్ష పీఠమును వారికి లభించినవి. వారు 1970 నవంబరు 11న దివంగతులైరి. అప్పుచీటి పేర తరతరములుగా జీతమున్నవారిని విడిపించు వెట్టి కార్మిక నిర్మూలన చట్టము 1976లో గాని రాలేదు.