పుస్తకాల మూట మోసిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు

ప్రత్యేక సంచికకు మన జిల్లా పెద్దల్లో ఒకరి గురించి రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. దస్త్రాల మీద నోట్లు రాయడమే తప్ప వ్యాసాలు రాసే అలవాటు లేనివాణ్ణి. అయినా ఒక పేరు చాలా ఏండ్లుగా నా మనసులో ఉండిపోయింది కనుక ఒప్పుకొన్నాను. ఆ పేరు కీర్తిశేషులు వట్టికోట ఆళ్వారుస్వామి గారిది.

ఆయన 1915లో నకిరేకల్లు దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడి చదువుకు దారి లేకపోయింది. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ అక్కడి పుస్తకాలతోనే చదువు నేర్చుకున్నారు. తరువాత విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశారు. హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1926లో ఆ పత్రిక పెట్టినవారు అప్పటి మన పొరుగు జిల్లా మహబూబ్‌నగర్‌కు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారని పాఠకులకు తెలిసిందే.

ఆనాటి పరిస్థితి మనుమలకు విడమర్చి చెబితేగాని అర్థం కాదు. నిజాం ఏలుబడిలో కచేరీలోనూ, పై చదువుల్లోనూ ఉర్దూయే. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఊళ్లలో దొరలకు వెట్టి చేయాలి. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మన బతుకు గురించి చెప్పే పుస్తకం దొరకడం అరుదు. అటువంటి రోజుల్లో, 1938లో, ఆళ్వారుస్వామి గారు సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. దేశోద్ధారక అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బిరుదు. పంతులు గారు ఆ ఏడే కన్నుమూశారు.

ఈ గ్రంథమాల ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించింది. కాళోజీ వంటివారి రచనలు అందులో వచ్చాయి. అచ్చువేయడంతో పని తీరలేదు. పుస్తకాల మూట భుజాన వేసుకొని ఊరూరా తిరిగి ఆయనే అమ్మేవారు. చదివేవాడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వాడి దగ్గరికి పోవాలని ఆయన నమ్మకం. ఆంధ్ర మహాసభలో పనిచేసి, కమ్యూనిస్టు పార్టీలో చేరారు. సికింద్రాబాదులో రిక్షా కార్మికులకు, గుమాస్తాలకు సంఘాలు కట్టారు. నేనూ గుమాస్తానే కాబట్టి ఈ సంగతి తెలిసినప్పుడు ఆయన మా మనిషి అనిపించింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయారు. మళ్ళీ 1946 నుండి 1951 దాకా జైళ్లలోనే గడిపారు. నిజామాబాదు జైలులో మహాకవి దాశరథి ఆయనతో ఉన్నారు. దాశరథి గారు బొగ్గుతో జైలు గోడల మీద పద్యాలు రాసింది అక్కడే. 1949లో వచ్చిన అగ్నిధారను ఆయన ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు. తోటి ఖైదీల బతుకులను ఆళ్వారుస్వామి గారు జైలు లోపల అనే కథలుగా రాశారు. 1955లో ఆయన నవల ప్రజల మనిషి వచ్చింది. 1961 ఫిబ్రవరి 5న ఆయన చనిపోయారు. అప్పటికి నలభై ఐదేండ్లే. రెండో నవల గంగు 1965లో గాని వెలుగు చూడలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. మా నాయన తన పుస్తకాలను ఒక రేకు సందుగలో దాచుకునేవాడు. ఆయన పోయిన తరువాత, 1983లో నాకు నల్లగొండ నుండి మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. సామాను ఎక్కువైందని ఆ పుస్తకాలను పాత కాగితాలవానికి తూకానికి అమ్మివేశాను. గుమాస్తా బుద్ధి కదా, అమ్మేముందు ఒక నోటుబుక్కులో వరుస నంబర్లతో జాబితా మాత్రం రాసుకున్నాను. రిటైరయ్యాక జిల్లా గ్రంథాలయంలో కూర్చొని ప్రజల మనిషి చదివాను. దిమ్మెగూడెంలో దొర ఆగడాలు, వాటికి ఎదురు నిలిచిన కంఠీరవం కథ అది. సర్వీసంతా భూముల దస్త్రాలు తిరగేసినవాణ్ణి. సర్వే నంబరు వెనుక ఒక కుటుంబం ఏడుపు ఉంటుందని ఆ నవల చదివినప్పుడు గాని నాకు సరిగా తెలియలేదు. ఇంటికి వచ్చి పాత నోటుబుక్కు తీశాను. 17వ నంబరు ఎదుట నా చేతిరాతే ఉంది: దేశోద్ధారక గ్రంథమాల, రెండు పుస్తకాలు.

ఒక మనిషి భుజాన మోసి ఊరికి తెచ్చిన పుస్తకాలను, ఏ పుస్తకమో పేరైనా రాసుకోకుండా, నేను కిలోల లెక్కన పంపించాను. ఈ తప్పు దిద్దుకునే దారి నాకు లేదు. మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇండ్లలో అటకల మీద, సందుగల్లో పెద్దల పుస్తకాలు ఉంటే ఒకసారి దించి దుమ్ము దులపండి. మొదటి పేజీ తిప్పి చూడండి. పిల్లలు చదవకపోయినా ఫరవాలేదు, దగ్గరి గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి. తూకానికి మాత్రం వేయకండి.