వేళ్ల కిందికి వచ్చిన లోకం

లూయీ బ్రెయిల్ అనగానే అందరికీ ఆరు చుక్కల లిపి గుర్తుకొస్తుంది. ఆ తర్వాత ఆయన చేసిన మరో మేలు చాలామందికి తెలియదు.

ఆయన 1809 జనవరి 4న ఫ్రాన్సులోని కూప్‌వ్రే గ్రామంలో జన్మించారు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవారు. మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకుంటుండగా ఆరె కంట్లో గుచ్చుకుంది. పుండు రెండో కంటికీ పాకి, ఐదేళ్లకల్లా చూపు పూర్తిగా పోయింది. అయినా తల్లిదండ్రులు బిడ్డను మూలన కూర్చోబెట్టలేదు. ఊరి చర్చి ఫాదర్ పాఠాలు చెప్పారు. 1819లో పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేర్పించారు.

అక్కడి పుస్తకాల్లో కంటితో చదివే అక్షరాలనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. ఒక్కో అక్షరాన్ని తడిమి పోల్చుకోవడానికి ఎంతో సేపు పట్టేది. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి రూపొందించిన 12 చుక్కల పద్ధతిని లూయీ సులభం చేసి, 15 ఏళ్లకే ఆరు చుక్కల లిపిని సిద్ధం చేశారు. 1829లో దాన్ని ప్రకటించారు.

కానీ ఒక చిక్కు మిగిలింది. ఆ లిపిలో పిల్లలు ఉత్తరం రాస్తే ఇంటివారు చదవలేరు. అప్పటికి అదే బడిలో ఉపాధ్యాయుడైన లూయీ 1839లో మరో విధానాన్ని ప్రచురించారు. చుక్కలను వరుసగా పేర్చి మామూలు అక్షరాల ఆకారాన్నే గీయడం, దేశపటాలను, రేఖాగణిత చిత్రాలను, సంగీత చిహ్నాలను కూడా అలాగే చుక్కల్లో చూపడం దాని ఉద్దేశం. బిడ్డ గుచ్చిన ఉత్తరాన్ని తల్లి కంటితో చదువుతుంది. తల్లి కంటితో చూసే పటాన్ని బిడ్డ వేలితో తడుముతాడు. ఆ అక్షరాలు త్వరగా రాసేందుకు పియర్ ఫూకో అనే అంధుడు ఒక యంత్రాన్ని కూడా తయారుచేశారు.

పారిస్ చర్చిలో ఆర్గన్ వాయిస్తూ ప్రభువును స్తుతించిన ఈ విశ్వాసి, క్షయవ్యాధితో 1852 జనవరి 6న ప్రభువునందు నిద్రించారు. ఆయన లిపిని ఫ్రాన్సు అధికారికంగా స్వీకరించింది 1854లో. నేడు తెలుగు అక్షరాలకూ ఆ ఆరు చుక్కలే ఆధారం.

మన సండేస్కూలు గోడలమీద నోవహు ఓడ, మంచి కాపరి బొమ్మలు ఉంటాయి. చూపులేని బిడ్డకు వాటి సంగతి నోటితో చెప్పి ఊరుకుంటున్నాం. ఆ ఓడ అంచు వెంబడి జిగురుతో ఒక దారం అంటించడానికి ఎంతసేపు పడుతుంది? మన భాషలో తాకి చూడమంటాం. తాకడానికి ఏదైనా చేతికి అందించడం మన వంతు.