లూథరు వ్రాతబల్ల

జర్మనీ దేశమందు ఐసెనాకు అను పట్టణమునకు పైగా, అడవికొండ మీద వార్ట్‌బర్గు అను పాత కోట యొకటి గలదు. ఆ కోటలో చెక్కగోడల చిన్న గది, అందులో ఒక బల్ల, ఒక కుర్చీ యున్నవి. మార్టిన్ లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి మార్చినది ఈ గదిలోనే. అయితే నేడు అక్కడున్న బల్ల ఆయన వ్రాసిన బల్ల కాదు. ఆయన తండ్రి వంశస్థుల ఊరైన మొరా నుండి తరువాతి కాలమున దానిని తెచ్చి పెట్టిరి. మొదటి బల్ల ఏమాయెను? అగ్ని దానిని కాల్చలేదు, చెదలు తినలేదు, శత్రువులు దోచుకొనలేదు. చూడవచ్చిన భక్తులే కత్తులతో చీలిక తరువాత చీలిక చెక్కుకొని పోయిరి. వారందరును లూథరును ప్రేమించినవారే.

ఇది ఎంత వింతయో తెలియవలెనన్న, చదువరులారా, ఆయన జీవితమును కొంత చెప్పవలసియున్నది.

లూథరు 1483 నవంబరు 10వ తేదీన ఐస్లెబెన్ అను ఊరిలో పుట్టెను. తండ్రి రాగి గనులలో కష్టపడి పైకి వచ్చినవాడు. కుమారుని వకీలు చేయవలెనని ఆయన ఆశ. బాలుడు ఐసెనాకులో చదువుకొను దినములలో ఇంటింటి ముందర పాటలు పాడి రొట్టె సంపాదించుకొనెను. 1505లో ఎర్‌ఫర్టు సమీపమున పిడుగుపాటుకు భయపడి, బ్రతికిన యెడల సన్న్యాసినగుదునని మ్రొక్కుకొని, తండ్రి ఆగ్రహించినను మఠములో చేరెను. 1512లో వేదాంత పండితుడై విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున లేఖనములు బోధింపసాగెను.

ఆ విట్టెన్‌బర్గు పట్టణపు కోట దేవాలయములో ఏముండెనో వినుడి. ఆ దేశాధిపతియైన ఫ్రెడరిక్ ప్రభువు పరిశుద్ధుల ఎముకలు, గుడ్డపీలికలు, కొయ్యముక్కలు దేశదేశముల నుండి సేకరించియుండెను. 1520 నాటికి వాటి లెక్క 19,013. వాటిని దర్శించి కానుక వేసినవారికి మరణానంతర శిక్షలో ఇన్ని సంవత్సరములు తగ్గునని బోధింపబడుచుండెను. 1517 అక్టోబరు 31న లూథరు 95 వాదాంశములు వెలువరించినది పాపపరిహార పత్రముల అమ్మకమునకు విరోధముగా. కాని ఈ ఎముకల బేరము కూడ అదే చెట్టు కొమ్మ. దేవుని కృపను డబ్బుతో గాని, చచ్చిన కొయ్యతో గాని కొనలేమని ఆయన వాదము.

తరువాతి సంగతులు మీలో అనేకులకు తెలిసినవే గనుక త్వరగా చెప్పెదము. పోపు ఆయనను వెలివేసెను. 1521 ఏప్రిలులో వర్మ్స్ పట్టణమందు ఐదవ చార్లెసు చక్రవర్తి ఎదుట నిలిచి, తన గ్రంథములను ఉపసంహరించుకొననని చెప్పెను. ఎవరును ఆయనకు ఆశ్రయమీయకూడదని, చేతికి చిక్కిన పట్టి అప్పగించవలెనని ఆజ్ఞ వెలువడెను. మే 4వ తేదీన, ఇంటికి మరలు దారిలో, అడవిలో గుఱ్ఱపు రౌతులు బండి నాపి ఆయనను ఎత్తుకొనిపోయిరి. చంపివేసిరని లోకము తలంచెను. నిజమునకు వారు ఫ్రెడరిక్ ప్రభువు మనుష్యులే. ఎముకలు కూర్చిన ఆ ప్రభువే ఎముకలకు విరోధముగా మాటలాడినవానిని కాపాడెను. దేవుడు తన సేవకులకు కాకోలముల చేత ఆహారము పంపినవాడు గదా.

ఆ విధముగా లూథరు వార్ట్‌బర్గు కోటకు చేరెను. సన్న్యాసి వస్త్రములు తీసివేసి, గడ్డము, జుట్టు పెంచి, కత్తి కట్టుకొని జార్జి అను మారుపేరుతో పది మాసములు ఉండెను. అది ఎట్టి దాగుడు! నిద్ర పట్టకపోయెను. మలబద్ధకముతో బాధపడెను. గోడల యందు సాతాను చప్పుడు చేయుచున్నట్లు ఆయనకు తోచుచుండెను. ఒకసారి వారు ఆయనను వేటకు కొనిపోగా, ప్రాణముతోనున్న చిన్న కుందేలుపిల్లను తన అంగీ చేతిలో చుట్టి దాచెను. కుక్కలు వచ్చి గుడ్డ మీదనే కొరికి దానిని చంపివేసెను. ఈ సంగతిని ఆయన స్నేహితునికి ఉత్తరములో వ్రాసికొనెను. వేటలో ఆయనకు మరి రుచి లేకపోయెను.

సిరాబుడ్డి కథ మీరు వినియుందురు. సాతాను మీద ఆయన సిరాబుడ్డి విసరెననియు, గోడ మీద మరక పడెననియు చెప్పుదురు. ఈ కథ ఆయన కాలమున లేదు. సుమారు నూరు సంవత్సరముల తరువాత పుట్టినది. వచ్చినవారు ఆ మరకను గీకి తీసికొనిపోవుచుండగా, కోటను కాయువారు మరల మరల సిరా పూయుచు వచ్చిరి. నేడు మరక లేదు. మా అభిప్రాయము ఏమనగా, లూథరు సాతాను మీద సిరా విసరినది నిజమే, కాని గోడ మీద కాదు, కాగితము మీద.

ఆ కాగితపు పని 1521 డిశంబరులో మొదలాయెను. ఆ నెలలో రహస్యముగా విట్టెన్‌బర్గుకు వెళ్లగా, మెలాంక్తను మొదలైన స్నేహితులు క్రొత్త నిబంధనను జనుల భాషలో ఇమ్మని బతిమాలిరి. కోటకు తిరిగి వచ్చి ఆ బల్ల ముందు కూర్చుండెను. ఎదుట ఎరాస్మసు 1519లో ప్రచురించిన గ్రీకు నిబంధన, చేతిలో బాతు ఈక కలము. సుమారు పదునొకండు వారములలో పని ముగిసెను. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములున్నవి. లెక్క వేసిన దినమునకు మూడు అధ్యాయములకు పైగా పడును. దినమునకొక అధ్యాయము చదువుట భారమనుకొను మనవారు ఈ లెక్కను కొంచెము ఆలోచింతురు గాక.

జర్మను భాషలో అంతకుముందు బైబిలు లేకపోలేదు. ముద్రింపబడినవే పదునెనిమిది యుండెను. కాని అవి లాటినును బట్టి మాటకు మాట పెట్టి చేసినవి గనుక రైతుకు నోరు తిరుగలేదు. లూథరు పద్ధతి వేరు. ఇంటిలో తల్లి, వీధిలో బిడ్డ, సంతలో సామాన్యుడు ఎట్లు మాటలాడునో చూచి వ్రాయవలెనన్నది ఆయన నియమము. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయమున క్రొత్త యెరూషలేము పునాదుల రత్నములు గలవు. అవి ఏ రంగువో, ఏ పేరువో తెలిసికొనుటకు ఫ్రెడరిక్ ప్రభువు ఖజానాలోని రత్నములను చూపించుమని స్పాలటిన్ అను కార్యదర్శికి వ్రాసెను. తరువాత పాత నిబంధన చేయునప్పుడు యోబు గ్రంథములో తోటి పండితులతో నాలుగు దినములు శ్రమపడి మూడు పంక్తులైనను ముగింపలేకపోయిన దినములున్నవి. ఒక్క మాట కొరకు రెండు మూడు వారములు వెదకినవియు గలవు.

1522 మార్చిలో ప్రాణమునకు తెగించి ఆయన విట్టెన్‌బర్గుకు మరలెను. సెప్టెంబరులో పుస్తకము అచ్చుపడి వచ్చెను. సుమారు మూడువేల ప్రతులు త్వరలోనే చెల్లిపోగా, డిశంబరులో మరల అచ్చు వేయవలసివచ్చెను. పూర్తి బైబిలు 1534లో వెలువడెను. నేతగాండ్రు, చెప్పులు కుట్టువారు సహా చదువ నారంభించిరి. చదువరానివారు చదువువాని చుట్టు కూర్చుండిరి.

1525లో ఆయన కాతెరీనా ఫాన్ బోరా అను పూర్వ సన్న్యాసినిని వివాహమాడెను. వారికి ఆరుగురు బిడ్డలు. పాత మఠమే వారి ఇల్లాయెను. విట్టెన్‌బర్గులో ఆ ఇంటిలోని పెద్ద బల్ల చుట్టు విద్యార్థులు కూర్చుండి భోజన సమయమున ఆయన చెప్పిన మాటలను వ్రాసికొనుచుండిరి. కాతెరీనమ్మ పశువులను పెంచి, తోట వేసి, బీరు కాచి అందరికిని భోజనము పెట్టెను. ఆ బల్ల మీద మాటలు పండితులవి, అన్నము ఆమెది. 1542లో పదుమూడేండ్ల కుమార్తె మగ్దలేన తండ్రి చేతులలో చనిపోయెను. ఆ దుఃఖము నుండి ఆయన తేరుకొనుట కష్టమాయెను.

ఆ కలము మంచినే వ్రాసెనని చెప్పిన యెడల అబద్ధమగును. 1525లో రైతులు తిరుగుబాటు చేసినప్పుడు, మొదట ప్రభువులనే మందలించినను, పిమ్మట వారిని నిర్దాక్షిణ్యముగా కొట్టివేయుడని వ్రాసెను. వేలాది రైతులు చంపబడిరి. 1543లో యూదులకు విరోధముగా వ్రాసిన పుస్తకమందు వారి సమాజమందిరములను కాల్చివేయుమనెను. నాలుగు వందల ఏండ్లకు హిట్లరు మనుష్యులు ఆ పుస్తకమును చూపుకొనిరి. 1984లో ప్రపంచ లూథరను సమాఖ్య ఆ మాటలను ఖండించెను. లూథరును పొగడు ప్రసంగములలో ఈ భాగము తరచు జారిపోవుచున్నది. రైతు బిడ్డలమైన మనము దానిని విడువరాదు.

ఆయన వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి మన భాషకు కూడ చేరినది. జర్మనీలోని హాలే నుండి వచ్చిన బెంజమిను షుల్జ్ దొర 1726 నుండి మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి త్రిప్పెను. ఆ బైబిలు అచ్చుకాలేదు. కాని హాలేకు తిరిగి వెళ్లిన పిమ్మట లూథరు ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించెను. తెలుగున మొట్టమొదట అచ్చయిన పుస్తకములలో అది యొకటి.

లూథరు 1546 ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఐస్లెబెన్‌లోనే, ప్రభువుల తగవు తీర్చుటకు వెళ్లి చనిపోయెను. చనిపోయిన పిమ్మట ఆరంభమైనది ఈ చెక్కుట. వార్ట్‌బర్గు బల్ల ముక్కలాయెను. ఐస్లెబెన్‌లో ఆయన మరణించినదని చూపబడిన మంచము చీలికలు పంటినొప్పికి మందని జనులు కొనిపోయిరి. పందొమ్మిదివేల ఎముకల దేవాలయము ముందర నిలిచి పోరాడినవాని మంచమే మరియొక ఎముకయాయెను! మనము నవ్వవలసిన పని లేదు. జ్వరము వచ్చిన బిడ్డ తలగడ క్రింద బైబిలు పెట్టి, దానిని ఒక్క మారైనను తెరువని ఇండ్లు మన పల్లెలలోను గలవు.

రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయమున హిజ్కియా సంగతి చదువుడి. మోషే చేసిన ఇత్తడి సర్పము ఒకప్పుడు దేవుని ఆజ్ఞ చొప్పున ప్రాణములు కాపాడినది. ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుట చూచి, ఆ రాజు దానిని పగులగొట్టెను. ఐస్లెబెన్‌వారును ఆ పనియే చేసిరి. 1707లో పెద్దలు ఆ మంచమును బయటికి తీయించి కాల్చివేసిరి.